కొండ కంటే ముందు మ్యూజియం: ఏథెన్స్ ఆక్రోపొలిస్ మ్యూజియం సమీక్ష

ఏథెన్స్‌లో ఒకటి రెండు రోజులే ఉండే యాత్రికులు ఎక్కువమంది ఆక్రోపొలిస్ కొండెక్కి, అక్కడి పురాతన ఎథీనా గుడి పార్థెనాన్ ముందు ఫోటోలు దిగి, మ్యూజియం సంగతి టైముంటే చూద్దామనుకుంటారు. తీరా దిగేసరికి ఎండకి ఒళ్లు సోలిపోతుంది, మ్యూజియం మిగిలిపోతుంది. కొండ మీద ఇప్పుడున్నది కట్టడం. దాని మీద చెక్కిన కథల్లో గ్రీసులో మిగిలినవి దాదాపు అన్నీ కింద ఈ మ్యూజియంలోనే ఉన్నాయి. పైన ఎరెక్థియాన్ గుడి వరండాను మోస్తున్న ఆరుగురు స్త్రీమూర్తులు కూడా నకళ్లే. అందుకే ముందు మ్యూజియం చూసి, ఆ తర్వాత కొండెక్కమని గట్టిగా చెబుతాం.

బెర్నార్డ్ చూమీ రూపకల్పన చేసిన ఈ భవనం 2009 జూన్ 20న తెరుచుకుంది. లోపల ఎన్ని ఉన్నా, టికెట్టు డబ్బులకు న్యాయం చేసేది మూడో అంతస్తులోని పార్థెనాన్ గ్యాలరీ. కింది అంతస్తుల వరసకు భిన్నంగా ఈ అంతస్తును పక్కకు తిప్పి కట్టారు. కారణం, ఇది అచ్చంగా పార్థెనాన్ నిలబడ్డ దిక్కుకే నిలబడాలి. మధ్యలోని గది కొలతలూ పార్థెనాన్ గర్భగుడివే. నాలుగు వైపులా అద్దాల గోడలు. శిల్పం ముందు నిలబడి తల తిప్పితే, అది ఒకప్పుడు ఉన్న గుడి సుమారు 300 మీటర్ల దూరంలో కొండ మీద కనిపిస్తుంది.

గుడి గోడల పైభాగాన చుట్టూ సాగిన శిల్పాల పట్టీని ఫ్రైజ్ అంటారు. మొత్తం పొడవు 160 మీటర్లు, ఎత్తు సుమారు ఒక మీటరు. ఎథీనా దేవికి జరిపే పానథెనాయా ఉత్సవ ఊరేగింపు ఇందులో కనిపిస్తుంది. గుడి మీద ఇది నేల నుంచి దాదాపు 12 మీటర్ల ఎత్తున ఉండేది. ఇక్కడ దాదాపు కంటి ఎత్తులోనే పెట్టారు కాబట్టి, క్రీ.పూ. 5వ శతాబ్దపు శిల్పుల పనితనం గుర్రాల నరాల దాకా తెలుస్తుంది. కింద నుంచి చూసేవాళ్లకు తలలు స్పష్టంగా కనిపించాలని పైభాగాన్ని ఎక్కువ లోతుగా, కాళ్ల దగ్గర తక్కువ లోతుగా చెక్కారు. పక్క నుంచి చూస్తే ఈ తేడా దొరుకుతుంది.

ఈ అంతస్తులోకి ఎటు నుంచి వచ్చినా ముందుగా నైరుతి మూలకు వెళ్లండి. ఊరేగింపు అక్కడి నుంచే రెండు పాయలుగా విడిపోయి, ఒకటి పడమర, ఉత్తరం మీదుగా, ఇంకొకటి దక్షిణం మీదుగా సాగి తూర్పున కలుస్తుంది. మధ్యలో ఎక్కడో మొదలుపెట్టినవాళ్లకు గుర్రాలూ మనుషులూ కనిపిస్తారు గానీ కథ అందదు. తేనె రంగులో ఉన్నవి అసలు రాళ్లు. పెంటెలీ కొండ పాలరాయిలో ఉండే ఇనుము గాలి తగిలి ఆ రంగుకు తిరుగుతుంది. తెల్లగా ఉన్నవి ప్లాస్టర్ నకళ్లు, వాటి అసళ్లు వేరే దేశాల్లో ఉన్నాయి. పట్టీలో సుమారు 50 మీటర్లు ఇక్కడ, 75 నుంచి 80 మీటర్లు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో. బ్రిటిష్ రాయబారి లార్డ్ ఎల్గిన్ మనుషులు 1801లో ఊడదీయడం మొదలుపెట్టిన రాళ్లను బ్రిటిష్ ప్రభుత్వం 1816లో కొనేసింది. తెలుపూ తేనె రంగూ ఒకే గుర్రం మీద కలిసినచోట ఆ నష్టం ఎంతటిదో కళ్లకు కడుతుంది. ఏ వ్యాసమూ ఇంత సూటిగా చెప్పలేదు. చిన్న ముక్కలు కొన్ని తిరిగొచ్చాయి కూడా: 2022లో ఇటలీలోని పలెర్మో నుంచి ఒకటి, 2023లో వాటికన్ నుంచి మూడు.

పడమటి వైపు తొందరపడొద్దు. అక్కడి 16 పలకల్లో రెండు తప్ప అన్నీ అసలువే. తూర్పున పోసైడాన్, అపోలో, ఆర్టెమిస్ అనే దేవతలు కూర్చున్న పలక అసలుది. అయితే ఉత్సవంలో ఎథీనాకు సమర్పించే వస్త్రాన్ని మడతపెట్టే ముఖ్య ఘట్టం మాత్రం లండన్‌లో ఉంది, ఇక్కడ చూసేది నకలే. మెటోపుల్లో, అంటే స్తంభాల పైవరసలోని చదరపు పలకల్లో, ఉత్తరం వైపు 32వది వెతకండి. ఆ వరసలో మిగతావాటిని క్రైస్తవ కాలంలో ఉలితో చెక్కేసినా ఇది బతికింది. ఇందులోని ఇద్దరు స్త్రీలను మేరీమాత, దేవదూత అనుకుని వదిలేశారని పండితుల ఊహ.

మొదటి అంతస్తులోని ఆర్కాయిక్ (పార్థెనాన్ కంటే ముందు కాలపు) గ్యాలరీకి ముప్పావుగంట ఇవ్వాలి. క్రీ.పూ. 480లో పర్షియన్లు కొండను ధ్వంసం చేశాక, విరిగిన విగ్రహాలను ఏథెన్స్‌వాళ్లు అక్కడే గోతుల్లో పూడ్చిపెట్టారు. 19వ శతాబ్దం చివర్లో తవ్వేదాకా అవి మట్టిలోనే ఉండటంతో కొన్నిటి మీద రంగు ఇంకా కనిపిస్తుంది. గ్రీకు శిల్పం అంటే తెల్లరాయి అనే అభిప్రాయం ఇక్కడ పోతుంది. భుజాల మీద దూడను మోస్తున్న మోస్కొఫొరోస్ (సుమారు క్రీ.పూ. 570), పెప్లోస్ కోరే అనే యువతి విగ్రహం (సుమారు క్రీ.పూ. 530), బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడ్డ క్రిటియోస్ బాలుడు (సుమారు క్రీ.పూ. 480), ఈ మూడింటినీ ఇదే వరసలో చూడండి. బిగుసుకుని నిలబడే రాతిమనిషి ఎలా సడలాడో వందేళ్ల కథంతా తెలుస్తుంది. విగ్రహాలు గోడకు ఆనించి లేవు, చుట్టూ తిరిగి చూడొచ్చు.

కారియాటిడ్‌లు, అంటే ఎరెక్థియాన్ స్త్రీమూర్తులు, ఇదే అంతస్తులో ఉన్నా వీటిని మూడో అంతస్తు చూసి దిగేటప్పుడు చూడటమే కాలక్రమం. ఆరింటిలో ఐదు ఇక్కడున్నాయి, లండన్‌లో ఉన్న ఆరోదాని చోటు ఖాళీగా వదిలారు. వెనక్కి వెళ్లి జడలు చూడండి, ఏ రెండూ ఒకలా ఉండవు. ఆ ఒత్తైన జుట్టు అందానికే కాదు. కప్పు బరువు మోసే మెడ సన్నగా ఉంటే విరుగుతుంది, అందుకే దానికి జుట్టు దన్నుగా ఉంది.

లోపాలూ ఉన్నాయి. వివరణ చీటీలు మరీ పొట్టివి. పార్థెనాన్ సుమారు వెయ్యేళ్లు చర్చిగా, తర్వాత మసీదుగా ఉంది. 1687లో వెనిస్ సేన ఫిరంగి గుండుకు లోపలి మందుగుండు పేలి మధ్యభాగం కూలింది. ఆ సుదీర్ఘ చరిత్రకు ఇక్కడ దక్కిన చోటు చాలా తక్కువ. గ్యాలరీల్లో బ్యాడ్జీ పెట్టుకుని తిరిగే పురావస్తు నిపుణులు ఉంటారు, వాళ్లను అడగండి. ఓపిగ్గా చెబుతారు, ఖర్చేమీ లేదు. కొన్నిచోట్ల నేల అద్దానిది, కింద ఉన్నవాళ్లకు పైకి కనిపిస్తుంది కాబట్టి స్కర్టు వేసుకోకపోవడం మేలు. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు అంచుల వెంట నడవొచ్చు.

భవనం స్తంభాల మీద నిలబడింది, దాని కింద పాత ఏథెన్స్ వీధులు, ఇళ్లు, స్నానశాలలు బయటపడ్డాయి. 2019 నుంచి అక్కడికి దిగి నడవనిస్తున్నారు. మ్యూజియం టికెట్టే చాలు, పారేయకండి. చాలామంది అలసిపోయి దీన్ని వదిలేస్తారు కాబట్టి ముందే అరగంట కేటాయించుకోండి.

మెట్రో రెండో లైనులో అక్రోపొలీ స్టేషన్ దిగితే మ్యూజియం పక్కనే. పెద్ద బ్యాగులు క్లోక్‌రూమ్‌లో ఇవ్వాలి. శుక్రవారం రాత్రి 10 దాకా తెరిచి ఉంటుంది, మాకు నచ్చే సమయం అదే. పడమటి వెలుగు ఏటవాలుగా పడితే చెక్కడం లోతు తేలుతుంది కాబట్టి సూర్యాస్తమయానికి గంట ముందే మూడో అంతస్తులో ఉండాలి. జూన్‌లో సూర్యుడు దిగేది 9కి కాస్త ముందు, డిసెంబరులో 5 దాటగానే. మార్చి 6, మార్చి 25, మే 18, అక్టోబర్ 28న ప్రవేశం ఉచితం, జనమూ అంతే ఉంటారు.

కొండ టికెట్టు వేరు, మ్యూజియం టికెట్టు వేరు, అమ్మే సైట్లూ వేరు. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. కొండకు 2025 ఏప్రిల్ నుంచి 30 యూరోలు, దానికి సమయం ఎంచుకోవాలి. మర్నాడు పొద్దున 8 గంటల స్లాటు తీసుకోండి. వడగాడ్పులప్పుడు మధ్యాహ్నం కొండను మూసేస్తుంటారు, ఉదయం స్లాటుకు ఆ బెడద లేదు. ఆగ్నేయ ద్వారం మ్యూజియానికి దగ్గర. అటు నుంచి వెళ్తే డయొనీసస్ నాటకశాల మీదుగా ఎక్కొచ్చు, చాలా రోజుల్లో పడమటి ద్వారం దగ్గరకన్నా క్యూ చిన్నది.