కొంబుచా కిట్: రెండు వేసవులు, ఒక పగిలిన సీసా

చక్కెర కలిపిన టీని పులియబెట్టి, గ్యాస్ పట్టించి తాగేదే కొంబుచా. దాన్ని ఇంట్లో చేసుకునే కిట్ ఇది. కొన్న మొదటి ఆర్నెల్లు కనపడ్డవాళ్లందరికీ దీని గురించి చెప్పాను. చెప్పిందల్లా సీసాల గురించే. తీగ మూత, రబ్బరు వాషరు ఉన్న నాలుగు చదరపు సీసాలు. ఫ్రిజ్ తలుపులో ఇటుకలు పేర్చినట్టు కుదురుగా కూర్చునేవి. తీగ ఎత్తగానే గోలీసోడా కొట్టినట్టు ఠప్పుమనేది. పెట్టిన డబ్బులో సగం ఆ చప్పుడుకే అనుకునేవాణ్ని. ఇప్పుడు నాలుగింటిలో ఒకటి లేదు. రెండింటిలో నువ్వుల నూనె, ఒకదాన్లో తేనె పోసుకున్నాం.

జాడీ, గుడ్డ, స్కోబీ (టీని పులియబెట్టే ఈస్టు, బ్యాక్టీరియా కలిసి కట్టిన పొర) సంగతి కొత్తగా చెప్పేదేం లేదు. అమ్మకైతే రెండో రోజే అర్థమైపోయింది. "తోడేశావు, మీగడ కడుతోంది, అంతేగా" అంది. తరవాణి కుండ సాకిన మనిషికి కిట్‌తో వచ్చిన పుస్తకం అక్కర్లేదు. నాకు కావాల్సొచ్చింది, చిక్కంతా దానితోనే వచ్చింది.

"వెచ్చని చోట 7 నుంచి 10 రోజులు ఉంచండి" అని అందులో ఉంది. ఏ చలిదేశంలో కూర్చుని రాశారో. జనవరిలో 9 రోజులు పట్టింది, బాగానే ఉంది. మేలో విజయవాడ సత్యనారాయణపురంలో పై అంతస్తు, నెత్తిమీద శ్లాబు, రాత్రి పదింటికి కూడా వంటింట్లో 36 డిగ్రీలు. నాలుగో రోజుకే గొంతు దిగనంత పులుపు. ఎండాకాలం దోసెల పిండి ఎంత తొందరగా పొంగుతుందో తెలిసిన ఇల్లే మాది. టీకి మాత్రం ఆ లెక్క వర్తించదనుకున్నాను.

నిరుడు మేలో నూజివీడు చిన్నరసాలు వచ్చాయి. మూడు సీసాల్లో కొంబుచా పోసి, ఒక్కోదాన్లో అర గ్లాసు రసం పిండాను. గ్యాస్ పట్టడానికి బయట 3 రోజులు ఉంచమని పుస్తకం. మర్నాడు సాయంత్రం ఒకటి తీసి చూస్తే చప్పుడు అంతంతమాత్రం. గుజ్జు మాత్రం మెడ దాకా తేలి గట్టిగా పేరుకుంది. ఇంకా టైముందిలే అని మూత బిగించి, గుంటూరులో పెళ్లికి వెళ్లిపోయాం. అర్ధరాత్రి దాటాక తిరిగొచ్చి పడుకున్నామో లేదో, వంటింట్లో బాంబు పేలినట్టు చప్పుడు. మా ఆవిడ సిలిండరే అనుకుని ముందు అమ్మని బయటికి లాగింది. లైటు వేసి చూస్తే సీసా మెడ, దానికి తీగ మూత, బిగించింది బిగించినట్టే ఉన్నాయి. పక్కలు లేవు. మూలల దగ్గర నిలువునా చీలిపోయింది. ఒక పెంకు బియ్యం డబ్బా మూత మీద గుచ్చుకుని ఉంది. మామిడి పీచు ఫ్యాను రెక్కకి అంటుకుంది. ఆ టైములో అమ్మ మంచినీళ్లకి లేచి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది.

మిగిలిన రెండింటినీ తువ్వాళ్లు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున బాత్రూంలో బకెట్ బోర్లించి దాని కింద చెయ్యి పెట్టి తీశాను. సగం నురగై గోడకి పోయింది.

మెల్‌బోర్న్‌లో ఉండే బావకి ఫోన్ చేస్తే ముందు నవ్వాడు. ఆయన ఇంట్లో కిట్‌తో బీరు చేస్తాడు, అక్కడ దానికి చట్టం అడ్డు లేదు. చలికాలంలో ఆయన బాధ బకెట్‌ని వెచ్చగా ఉంచడం, నా బాధ చల్లగా ఉంచడం. ఆయన చెప్పాకే తలకెక్కింది. జాడీలో ఈస్టు చక్కెర తిని ఆల్కహాలు, గ్యాస్ చేస్తుంది. గ్యాస్ గుడ్డలోంచి పోతుంది, ఆల్కహాలుని బ్యాక్టీరియా గాలి సాయంతో పులుపుగా మారుస్తుంది. మూత బిగించిన సీసాలో గాలి లేదు కాబట్టి బ్యాక్టీరియా పని దాదాపు ఆగిపోతుంది, ఈస్టు ఆగదు. "సీసాలో పోశాక నీదీ నాదీ ఒకటే" అన్నాడు. 4 గ్రాముల చక్కెర మొత్తం పులిస్తే దాదాపు లీటరు గ్యాస్. అర గ్లాసు రసాల్లో 12 గ్రాములు ఎక్కడికి పోతుంది? అరలీటరు సీసాలో మూడు లీటర్ల గ్యాస్ కూరుతున్నానన్నమాట. బీరుకైతే ఆయన హైడ్రోమీటరు (చిక్కదనం కొలిచి, పులియడం ఆగిందో లేదో చెప్పే సాధనం) ముంచి, రెండు మూడు రోజులు ఒకే అంకె వస్తేనే సీసాల్లో పోస్తాడట. బుడగలు ఆగాయి కదా అని పొయ్యడట. అడిగితే ఇంకోటీ చెప్పాడు: గ్యాస్ పట్టే సీసా గుండ్రంగా, మందంగా ఉండాలి. చదరపు దానికి ఒత్తిడంతా మూలల మీదే. నేను మెచ్చుకున్న ఆ కుదురే కొంప ముంచింది.

ఇప్పుడు వన్‌టౌన్‌లో తెచ్చిన గుండ్రటి సీసాలు వాడుతున్నాను. వాటితోపాటు ఒక ప్లాస్టిక్ సోడా సీసాలో కూడా అదే సరుకు పోస్తాను. అది నొక్కితే లొత్త పడనంత గట్టిపడగానే అన్నీ ఫ్రిజ్‌లోకి. మేలో ఒక్కోసారి 14 గంటలు కూడా పట్టదు. ఫ్రిజ్‌లో ఈస్టు చావదు, నెమ్మదిస్తుంది అంతే, అందుకే వారంలో తాగేస్తాం.

కొనమంటారా అంటే, ఫ్రిజ్‌లో చోటుండి, రోజూ ఓసారి చూసే ఓపికుంటే జాడీ, స్కోబీ వరకు బాగానే ఉంది. సీసాలకి విడిగా డబ్బు వేసుకోండి. కింది అంతస్తు చల్లటి ఇల్లయితే నా లెక్కలు మీకు కుదరకపోవచ్చు. ఇంట్లో చేసిన దాన్లో ఆల్కహాలు అర శాతం దాటొచ్చు కూడా, అందుకే మా పిల్లాడికి పొయ్యం. ప్లాస్టిక్ సీసా నొక్కి చూసే డ్యూటీ అమ్మది. "ఇంకా మెత్తగానే ఉందిరా" అని హాల్లోకి కేకేస్తుంది.