అత్తమ్మ మంచం, అమ్మ బాల్కనీ

సింగపూర్‌లో ఎక్కించుకుని పెనాంగ్, ఫుకెట్ చూపించి మళ్లీ సింగపూర్‌లోనే దింపే ఓడకు దసరా సెలవుల్లో ఐదుగురం బుక్ చేసుకున్నాం. నాకూ మా ఆవిడకూ బాల్కనీ గది. అమ్మకు, అత్తమ్మకు, ఇంటర్ చదివే మా అమ్మాయికి కలిపి కిటికీ లేని లోపలి గది. "డిపాజిట్ వాపస్ రాని రేటు తీసుకుంటే చవకన్నా" అన్నాడు హన్మకొండ ఏజెంటు. మనిషికి పదిహేను వేలు కట్టేశాం.

ప్రయాణం నాలుగు నెలలుందనగా అత్తమ్మ బాత్రూంలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. "నేను రాను, మీరు పోండ్రి" అంది. ఆమె డిపాజిట్ పోతే పోయింది, మిగతా డబ్బయినా మిగులుతుంది కదా అనుకున్నా. ఓడల లెక్క అప్పుడు తెలిసింది. గదిలో మొదటి ఇద్దరికి పూర్తి రేటు, మూడో మనిషికి తక్కువ రేటు. ముగ్గురిలో ఎవరు మానుకున్నా తగ్గేది ఆ మూడో రేటే. అంటే అత్తమ్మ రాకపోతే, తక్కువ రేటులో ఉన్న మా అమ్మాయి పూర్తి రేటులోకి ఎక్కుతుంది!

ఈలోగా కరీంనగర్ నుంచి అక్క ఫోన్. "ఆమె బదులు నేనొస్త తమ్మీ." ఏజెంటేమో పేరు మార్చుడు కుదరదు, అంతా క్యాన్సిల్ చేసి కొత్తగా చేయాలన్నాడు. రెండు రోజులు ఒకటే టెన్షన్. చివరికి మా ఆవిడ ఆ నియమాల కాగితాలు ముందేసుకుని చదివింది. డిపాజిట్ వాపసు రాదని ఉంది కానీ, పేరు మార్చకూడదని ఎక్కడా లేదు. గదిలో మొదట బుక్ చేసుకున్నవాళ్లలో ఒక్కరైనా ఉంటే, మిగతా డబ్బు కట్టే గడువులోపు ఇంకొకరి పేరు పెట్టుకోవచ్చట. దగ్గర కూర్చుని ఏజెంటు చేతే కంపెనీకి మెయిల్ పెట్టించాం. మూడు వేల ఫీజుతో అత్తమ్మ పేరు పోయి అక్క పేరొచ్చింది. డిపాజిట్ కూడా అక్క లెక్కలోకే వెళ్లింది.

అయిపోయిందనుకుంటే అమ్మ మొదలుపెట్టింది. "కిటికీ లేదంటే గుహల పండుకున్నట్టే గదరా." బాల్కనీ గదిలో సోఫా మంచం ఉంది కదా, అమ్మను మూడో మనిషిగా వేయమని అడిగాం. కుదరదన్నారు. మంచాలు సరిపోతే చాలదట, ఓడలో ఆ భాగానికి కేటాయించిన లైఫ్ బోట్లలో మనుషుల లెక్క నిండిపోయిందట. పోనీ లోపలి గదినే బాల్కనీ గదిగా మార్చుకుందామంటే పాత తగ్గింపు పోయి ఇవాళ్టి రేటు పడుతుంది. ముగ్గురికీ కలిపి లెక్కేసి చూసి నోరు మూసుకున్నాం.

ఘట్‌కేసర్ దగ్గర రింగురోడ్డెక్కి శంషాబాద్ చేరడం మామూలే. సింగపూర్ లిటిల్ ఇండియాలో ఒక రాత్రి ఉన్న లాడ్జిలో సూట్‌కేసు తెరిస్తే కాలు పెట్టే చోటు లేదు. కింద ఇడ్లీ దొరికింది కాబట్టి క్షమించేశాను. ట్యాక్సీలో నలుగురే పడతారు, రెండు మాట్లాడుకున్నాం.

ఓడెక్కగానే రిసెప్షన్‌కు వెళ్లి అమ్మ సంగతి చెప్పా. ఆ అమ్మాయి నవ్వి, అందరికీ రెండో గది తలుపు కూడా తెరుచుకునేలా అదనపు కార్డులు చేసిచ్చింది. అవి తలుపుకు మాత్రమే. ఖర్చు రాసేది అసలు కార్డు మీదే, ప్రమాదం వస్తే వెళ్లాల్సిన మస్టర్ స్టేషన్ కూడా దాని మీద ఉన్నదే. అమ్మ చేత కార్డు మీది ఆ స్టేషన్ అక్షరం రెండుసార్లు చదివించా. ఇరవయ్యో పెళ్లిరోజు పేరు చెప్పి తీసుకున్న బాల్కనీలో అమ్మ, మా ఆవిడ. లోపలి గదిలో అక్క, నేను చెరో మంచం, అమ్మాయికి గోడలోంచి దిగే పై బెర్తు. లైటు తీస్తే పగలో రాత్రో తెలియదు. నిద్ర మాత్రం బ్రహ్మాండం.

శాకాహారం బాగానే ఉంది, పప్పు మాత్రం రోజూ ఒకటే. టిప్పు మనిషికి రోజుకింత అని బిల్లులో వాళ్లే వేసేశారు. పై బెర్తు మీది మా అమ్మాయికీ అంతే. పెనాంగ్‌లో ఓడ రేవుకే ఆనుతుంది, అమ్మ నడిచే వెళ్లి 1833 నాటి మారియమ్మ గుడి చూసొచ్చింది. ఫుకెట్‌లో ఓడ పటాంగ్ దగ్గర సముద్రంలోనే ఆగింది, ఒడ్డుకు చిన్న పడవల్లో తీసుకెళ్లారు. ఊగే పడవలోకి అడుగు వేయనని అమ్మ బాల్కనీలోనే ఉండిపోయింది, సాయంత్రం దాకా పడవలు లెక్కపెట్టిందట. మోకాళ్ల నొప్పులవాళ్లుంటే రేవులో ఆగే ఊళ్లున్న ఓడే చూసుకోండి.

ఇంటికొచ్చాక అత్తమ్మ ఫొటోలన్నీ చూసి అడిగింది, "నా మంచం మీద ఎవరు పండుకున్నరు బిడ్డా?"

"కాగితం మీద అక్క, అత్తమ్మా" అన్నాను. మా అమ్మాయి ఊరుకోదు కదా. "డాడీయే, అమ్మమ్మా! గురక కూడా."