మునుగుతున్న మనిషికి తాడు విసరాలా, మనమే దూకాలా?

విశాఖలో ఆర్కే బీచ్‌లోనో యారాడ బీచ్‌లోనో ఎవరైనా అలల్లో చిక్కుకుంటే, పక్కనున్న కుర్రాళ్లు ముందూ వెనకా చూడకుండా దూకేస్తారు. మనసు మంచిదే, కానీ ఒకరికి తోడు ఇంకొకరు పోయేది ఇలాగే.

శిక్షణ లేనివాళ్లకు నేను చెప్పేది విసరమనే. తాడు లేకపోతే మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్, గాలి నింపిన ట్యూబ్, ఏది తేలితే అది. తాడు మనిషికి కాస్త అవతల పడేలా విసిరితే, లాగేటప్పుడు చేతికి అందుతుంది. మీరు మాత్రం కూర్చునో, కాళ్లు ఎడం చేసి ఒంగి నిలబడో లాగండి. లేదంటే ఆ బరువు మిమ్మల్నే లోపలికి లాగేస్తుంది.

దీనికున్న లోటు దూరం. రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి వేగంగా పారే నీటి ప్రవాహం, మనిషిని లోపలికి లాక్కుపోయాక తాడు అందదు. అప్పుడు నీళ్లలోకి దిగాల్సింది లైఫ్‌గార్డే. నీళ్లలో తేలే పొడవాటి రెస్క్యూ ట్యూబ్‌ను తనకూ మునిగేవాడికీ మధ్య ఉంచుతాడు, ఎందుకంటే ఊపిరాడని మనిషి దొరికినవాణ్ణి తొక్కి పైకి రావాలనే చూస్తాడు. గట్టిగా పట్టేసుకుంటే గార్డు తానే కిందికి మునుగుతాడు, ఆ పట్టు సడలుతుంది. పూల్‌లో ఎంత బాగా ఈదేవాళ్లకైనా సాధన లేకుండా ఇది రాదు. తిరిగొచ్చేటప్పుడు రిప్‌కు ఎదురీదడు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడతాడు.

ఏ దారి పట్టినా ఒకరు వెంటనే 112కి ఫోన్ చేయాలి. ఇంకొకరు మునిగే చోటు మీంచి చూపు తిప్పకుండా, వేలు పెట్టి చూపిస్తూనే ఉండాలి. వచ్చిన గార్డు నేరుగా అక్కడికే వెళ్లగలడు.