గేమింగ్ ల్యాప్‌టాప్‌కు పేస్ట్ మారుస్తమంటే జర పైలం

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ దిక్కు ఎండలు ముదిరినయంటే గేమింగ్ ల్యాప్‌టాప్‌లు షాపుల కౌంటర్ల మీద వరుస కడ్తయి. 'పేస్ట్ ఎండిపోయింది, మార్చాలె' అంటరు, గంటల మార్చి ఇస్తరు. పేస్ట్ అంటే లోపలి చిప్పు వేడిని దాని మీది హీట్‌సింక్‌కు, అంటే వేడి గుంజే రాగి పలకకు, అందించే థర్మల్ పేస్ట్. ఇచ్చేముందు ఇది చదవండి.

ఒక షాపుల పేస్ట్ మార్చిన ల్యాప్‌టాప్‌ను మళ్ల విప్పితే లోపల ఉన్నది ఇది. సీపీయూ (మెయిన్ ప్రాసెసర్ చిప్పు) మీద టూత్‌పేస్ట్ లెక్క తెల్లటి పేస్ట్. యాంప్లిఫయర్లల్ల ట్రాన్సిస్టర్లకు పూసే మామూలు సిలికాన్ కాంపౌండ్ అది. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు) మీది పేస్ట్ ఒక అంచుకు నలిగి పలచగైంది, ఇంకో అంచుకు పూసింది పూసినట్టే ఉన్నది. అంటే అటు దిక్కు హీట్‌సింక్ ఆననే లేదు. కారణం పక్కనే కనిపిస్తున్నది: మెమరీ చిప్పుల మీది పాత ప్యాడ్లు (వేడిని హీట్‌సింక్‌కు అందించే మెత్తటి ముక్కలు) చినిగితే, మందం కొలవకుండ చేతికి దొరికిన ప్యాడ్లు అతికిచ్చిన్రు. 1 మి.మీ. ఉండాల్సిన కాడ 1.5 మి.మీ. పడ్డది. ఆ అర మిల్లీమీటరే హీట్‌సింక్‌ను లేపి పట్టింది. గేమ్ నడుస్తుంటే జీపీయూ 79 డిగ్రీలు, హాట్ స్పాట్ (అదే చిప్పుల అన్నిటికన్నా వేడి ఉన్న చోటు) 104. ఈ రెండిటి నడుమ 10–15 తేడా ఉంటే భయం లేదు. 25 ఉన్నదంటే హీట్‌సింక్ వంకర కూసున్నట్టో, పేస్ట్ అంతటా అందనట్టో అనుకోవాలె. బిల్లు మీద మాత్రం 'సర్వీసింగ్' అని ఒక్క మాట.

డెస్క్‌టాప్ సీపీయూ మీద లోహపు మూత ఉంటది, నడుమల శెనగగింజంత చుక్క పెట్టి బిగిస్తే నడుస్తది. ల్యాప్‌టాప్‌ల మూత లేదు, ఉత్త సిలికాన్ చిప్పు మీదనే రాగి పలక ఆనుతది. కాబట్టి చిప్పు నాలుగు మూలలకూ పేస్ట్ అందాలె. ఒక్క మూల ఖాళీ ఉన్నా ఆడ మంటే. ఎక్కువైతే పెద్ద నష్టం లేదు, పక్కలకు వస్తది. కరెంటు పారని పేస్ట్ అయితేనే సుమా.

ఇంకో మోసం నెలల దాకా బయటపడదు. పలచటి పేస్ట్ వేస్తే మొదట్ల రీడింగ్‌లు బ్రహ్మాండంగ వస్తయి. చిప్పు రోజూ వేడెక్కి సల్లబడుతుంటే సాగి, ముడుచుకుని, ఆ పేస్ట్‌ను కొద్దికొద్దిగ అంచులకు తోస్తది. రెండు మూడు నెలలకు నడుమ ఖాళీ, కథ మళ్ల మొదటికి. ల్యాప్‌టాప్‌కు గట్టి పేస్టే మేలు. ఆర్కిటిక్ కంపెనీ పేస్టులల్ల ఎంఎక్స్-4 కన్నా ఎంఎక్స్-6 గట్టిది. వీటికి నకిలీలు బాగ తిరుగుతయి, సీల్ ఉన్న ట్యూబ్ మీరే కొని ఇవ్వండి. 4 గ్రాముల ట్యూబ్ ఒక ల్యాప్‌టాప్‌కు కావల్సినదానికన్నా ఎక్కువే, మిగిలింది ఎనకకు అడగండి.

అన్నిటికన్నా మంచిది పేస్ట్ బదులు వేసే హనీవెల్ కంపెనీ పీటీఎం7950 షీటు. 45 డిగ్రీల దగ్గర కరిగి చిప్పుకు అతుక్కుంటది, పేస్ట్ లెక్క బయటకు కారిపోదు. కానీ మే నెలల మన దగ్గర గదే 40 దాటుతది గదా, షీటు టేబుల్ మీదనే మెత్తబడి ప్లాస్టిక్ పొరకు అంటుకపోతది, లాగితే చినుగుతది. పది నిమిషాలు ఫ్రిజ్‌ల పెట్టి, పొద్దున చల్లటి పూట అతికియ్యాలె. వేసినంక ఐదారుసార్లు వేడెక్కి సల్లబడితే గానీ పూర్తిగ కూసోదు, మొదటి రోజు రీడింగ్ చూసి బేజారు కావొద్దు.

ఆసుస్ రోగ్ (ROG) గేమింగ్ ల్యాప్‌టాప్ ఉన్నోళ్లు మరీ పైలం. 2020 నుంచి ఆ మోడళ్లల్ల చాలావాటికి కంపెనీయే సీపీయూ మీద లిక్విడ్ మెటల్ వేసి పంపుతున్నది. అది గాలియం కలిసిన ద్రవ లోహం, కరెంటు పారుతది. తెలియక టిష్యూతోని తుడిస్తే పాదరసం లెక్క గోళీలై పక్కన కెపాసిటర్ల మీదికి ఉరుకుతది. ఆన్ చేసిన్రంటే షార్ట్, బోర్డు పాయె. అల్యూమినియానికి తగిలితే దాన్ని తినేస్తది కూడా. మోడల్ పేరు చెప్పంగనే 'ఇందుల లిక్విడ్ మెటల్ ఉంటది' అని అవతలాయన అనకపోతే ల్యాప్‌టాప్ సంచిల పెట్టుకుని వచ్చేయండి.

విప్పేటప్పుడు ముందల కూసోండి. కూసోనియ్యకపోతే ఆ షాపు వద్దు. విప్పే ముందు కొద్దిసేపు గేమ్ నడిపి ఆఫ్ చేస్తే పాత పేస్ట్ మెత్తబడ్తది. ఎనక మూత తీయంగనే మొదట బ్యాటరీ కనెక్టర్ పీకాలె. హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3 అని అంకెలు చెక్కి ఉంటయి. విప్పేటప్పుడు పెద్ద అంకె నుంచి, బిగించేటప్పుడు 1 నుంచి. ఒక్కటే స్క్రూ ఆఖరు దాకా బిగిస్తే పలక వాలి చిప్పు అంచు పెచ్చు ఊడొచ్చు, అన్నిటినీ కొంచెం కొంచెం తిప్పాలె. హీట్‌సింక్ రాకుంటే మెల్లగ అటు ఇటు తిప్పాలె, స్క్రూడ్రైవర్‌తోని పెకిలించొద్దు. తుడిచేది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనే. శానిటైజర్‌ల గ్లిజరిన్, నీళ్లు ఉంటయి, అది వద్దు. పాత ప్యాడ్లు చినగకుంటే వాటినే మళ్ల పెట్టమనండి.

'ఎంత తగ్గిందో చూడండి' అని ఏసీ గదిల చూపించే నంబరును నమ్మకండి. బయట ఒక డిగ్రీ తగ్గితే లోపల కూడా ఇంచుమించు ఒక డిగ్రీ తగ్గుతది. ఇంకో తొండి ఉన్నది: విండోస్ పవర్ సెట్టింగ్‌లల్ల మాక్సిమం ప్రాసెసర్ స్టేట్‌ను 99 శాతం చేస్తే టర్బో (సీపీయూ అదనపు వేగం) బంద్ అయితది, వేడి దానంతటదే దిగుతది, పేస్ట్‌తోని పని లేదు. అందుకే డిగ్రీలతోపాటు వాట్లు (సీపీయూ వాడుకునే కరెంటు) చూడాలె. ఇచ్చే ముందు, తెచ్చినంక, ఇంట్ల అదే గదిల, అదే మోడ్‌ల పది నిమిషాలు సినీబెంచ్ (సీపీయూకు పూర్తి పని పెట్టే టెస్ట్ ప్రోగ్రామ్) నడిపి, డిగ్రీలు, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో (HWiNFO) స్క్రీన్ ఫొటో తీయండి. ముందు 97 డిగ్రీల దగ్గర 55 వాట్లు, ఇప్పుడు అదే 97 దగ్గర 75 వాట్లు అంటే పని మంచిగైనట్టే. డిగ్రీలు దిగినయి, వాట్లు కూడా దిగినయంటే అనుమానించాలె.

అసలు చాలా ల్యాప్‌టాప్‌లకు పేస్ట్‌తోని పనే పడదు. రైస్ మిల్లుల దగ్గరి ఇండ్లల్ల ఊక దుమ్ము, జిన్నింగ్ మిల్లుల దిక్కు పత్తి నూగు ఫ్యాన్‌కూ ఫిన్‌లకూ (హీట్‌సింక్ సన్నటి రేకులకూ) నడుమ కంబళి ముక్క లెక్క పేరుకుంటది. ముందుగల అది తీపించి చూడండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలుతోని ఆపి పట్టాలె, లేకుంటే మితిమీరి తిరిగి బేరింగ్ పోతది.

వారంటీ ఉన్నోళ్లు బయట విప్పించే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌ను మెయిల్‌ల అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి. బిల్లు మీద ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు, పేస్ట్ పేరు, ప్యాడ్ల మందం రాయించండి. పని చెడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. దాంతోని కాకుంటే రెండేండ్ల లోపల మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లనే కేసు వేయొచ్చు, మీరు కట్టిన సొమ్ము 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు. బిల్లు ఇయ్యనోళ్లకు నగదు ఇయ్యకండి, యూపీఐల కొట్టి ఆ మెసేజ్, స్క్రీన్ ఫొటోలు దాచిపెట్టండి.