ఫాల్ట్ వివరాల నమోదుకు ఏది మేలు: బ్రేకర్‌లోని ట్రిప్ యూనిటా, విడి రికార్డరా?

లో వోల్టేజీ ప్యానెల్‌లో బ్రేకర్ ట్రిప్ అయిన వెంటనే నిర్వహణ సిబ్బంది తెలుసుకోవలసినవి మూడు: ఏ రక్షణ పనిచేసింది, ఏ ఫేజ్‌లో, ఎంత కరెంటు వద్ద. కరెంటును కొలిచి బ్రేకర్‌ను ట్రిప్ చేయించే ఎలక్ట్రానిక్ ట్రిప్ యూనిట్లలో లాగ్ (ఘటనల నమోదు) ఉన్నవి ఈ మూడింటినీ భద్రపరుస్తాయి. విడిగా అమర్చే ఫాల్ట్ రికార్డర్ కరెంటుతోపాటు వోల్టేజీని, రెండింటి తరంగ రూపాలను కూడా పట్టుకుంటుంది. థర్మల్-మాగ్నెటిక్ బ్రేకర్ ఈ పోలికలోకి రాదు. వేడికి వంగే బైమెటల్ పట్టీ, విద్యుదయస్కాంతం కలిసి దాన్ని ట్రిప్ చేస్తాయే గాని జరిగినదేదీ గుర్తుపెట్టుకోవు.

ట్రిప్ యూనిట్‌కు ఉన్న పెద్ద బలం, ట్రిప్ చేయాలన్న నిర్ణయం దానిదే కావడం. లాంగ్ టైమ్ (కొనసాగే ఓవర్‌లోడ్‌కు), షార్ట్ టైమ్ (కొద్ది ఆలస్యంతో షార్ట్‌కు), ఇన్‌స్టంటేనియస్ (ఆలస్యం లేకుండా తీవ్రమైన షార్ట్‌కు), గ్రౌండ్ ఫాల్ట్ (భూమికి పారే కరెంటుకు) అనే నాలుగు రక్షణల్లో ఏది పనిచేసిందో అది నేరుగా చెబుతుంది. బయటి పరికరం ఆ సంగతిని ఊహించవలసిందే. ఉదాహరణకు లాగ్‌లో షార్ట్ టైమ్ ట్రిప్ అని ఉండి, రెండు ఫేజ్‌లలో దాదాపు సమానంగా 9 కిలోఆంపియర్లు, మూడో దానిలో మామూలు లోడ్ కరెంటు కనిపిస్తే, అది ఫేజ్‌కూ ఫేజ్‌కూ మధ్య జరిగిన షార్ట్ అని తొలి అంచనాకు రావచ్చు. లాంగ్ టైమ్ అని ఉంటే కేబుల్ తెగిన చోటు వెతకడం మాని, లోడ్‌ను, సెట్టింగ్‌ను చూడాలి. నా అంచనాలో ఎక్కువ ట్రిప్‌ల దర్యాప్తుకు ఈ మాత్రం సమాచారం చాలు.

అయితే ఆ అంకెను యథాతథంగా నమ్మకూడదు. కరెంట్ లిమిటింగ్ రకం బ్రేకర్ తీవ్రమైన షార్ట్‌లో మొదటి శిఖరానికి కరెంటు చేరకముందే దాన్ని అణచివేస్తుంది కాబట్టి, నమోదయ్యేది బ్రేకర్ దాటనిచ్చిన కరెంటే గాని ఆ చోట పారగలిగిన పూర్తి ఫాల్ట్ కరెంటు కాదు. ఇనుప కోర్ ఉన్న సీటీ (కరెంటును కొలిచే ట్రాన్స్‌ఫార్మర్) అధిక కరెంటు వద్ద సంతృప్తమై విలువను తగ్గించి చూపవచ్చు. కోర్ లేని రొగోవ్‌స్కీ కాయిల్‌కు ఆ ఇబ్బంది లేదు. మరొకటి, యూనిట్ తన విద్యుత్తును సీటీల నుంచే తీసుకునేదైతే, ట్రిప్ అయిన క్షణంలోనే దాని సరఫరా ఆగిపోతుంది. అప్పుడు డిస్‌ప్లే, గడియారం, కమ్యూనికేషన్ పనిచేయాలంటే బ్యాటరీ గాని, 24 వోల్టుల డీసీ వంటి సహాయక సరఫరా గాని ఉండాలి. ఈ సరఫరా ఇవ్వకుండా ఖరీదైన యూనిట్ బిగించడం డబ్బు వృథా.

విడి రికార్డర్ ఫాల్ట్‌కు ముందరి కొన్ని సైకిళ్లను కూడా మెమరీలో ఉంచుతుంది. వోల్టేజీ ముందు పడిందా, కరెంటు ముందు పెరిగిందా అన్నది ఆ భాగమే తేలుస్తుంది. పదేపదే ట్రిప్ అవుతున్నా కారణం దొరకని చోట అదే అసలు ఆధారం. దాని ఫైళ్లు కామ్‌ట్రేడ్ అనే ప్రామాణిక ఫైల్ రూపంలో ఉంటే వేర్వేరు తయారీదారుల పరికరాల రికార్డులను ఒకే సాఫ్ట్‌వేర్‌లో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. కానీ దానికి వేరే సీటీలు, వోల్టేజీ కనెక్షన్లు, ప్యానెల్‌లో చోటు కావాలి.

స్కాడాకు (దూరం నుంచి పర్యవేక్షించే కంప్యూటర్ వ్యవస్థకు) కలిపిన మామూలు ఎనర్జీ మీటర్ ఈ పనికి చాలదు. సెకనుకు ఒకసారి విలువ చదివే వ్యవస్థకు, 50 హెర్ట్జ్‌లో రెండు సైకిళ్లలో, అంటే 40 మిల్లీసెకన్లలో, ముగిసిన ఫాల్ట్ అసలు కనబడకపోవచ్చు.

కాబట్టి ప్యానెల్ నుంచి లోడ్‌లకు వెళ్లే ఫీడర్లన్నిటికీ లాగ్ ఉన్న ట్రిప్ యూనిట్, ప్యానెల్‌కు సరఫరా వచ్చే ప్రధాన ఇన్‌కమర్‌కు మాత్రం ఒక రికార్డర్ అమర్చడం మేలని నా అభిప్రాయం. ఇన్‌కమర్ వద్ద వోల్టేజీ రికార్డు ఒకటి ఉంటే, ఏ ఫీడర్‌లో ఫాల్ట్ వచ్చినా ఫీడర్లన్నిటికీ ఉమ్మడిగా కరెంటు అందించే బస్‌బార్ వోల్టేజీపై దాని ప్రభావం అందులో తెలుస్తుంది. ఈ రెండు రికార్డులనూ జతచేయాలంటే గడియారాలు ఒకే సమయం చూపాలి. లేకపోతే ఒకే ఫాల్ట్ రెండు వేర్వేరు ఘటనలుగా కనిపిస్తుంది. రికార్డర్ ట్రిగ్గర్‌ను, అంటే రికార్డింగ్ మొదలయ్యే కరెంటు స్థాయిని, మోటారు స్టార్టింగ్ కరెంటు కంటే పైన పెట్టాలి. నేరుగా స్టార్ట్ చేసే మోటారు పూర్తి లోడ్ కరెంటుకు ఆరేడు రెట్లు లాగడం మామూలే కనుక, ట్రిగ్గర్ కింద పెడితే మెమరీ ఆ స్టార్ట్‌లతోనే నిండి, అసలు ఫాల్ట్ రికార్డు చెరిగిపోవచ్చు.