విలువల వ్యాసరచన పోటీ అని లెక్క గుంజుతున్నారు, అనంతపురం పిల్లలూ జాగ్రత్త

కాలేజీ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ ‘నైతికత, విలువలు’ రాష్ట్రస్థాయి వ్యాసరచన పోటీ పోస్టరు మీరూ చూసే ఉంటారు. పైన వివేకానందుడి బొమ్మ, కింద క్యూఆర్ కోడ్. దాని జోలికి పోవద్దండి. మా చెల్లెలు రాసింది. నిన్ననే తెలిసింది అంతా మోసమని.

ఎంట్రీ ఫీజు 350 కట్టినాం. తర్వాత మూడో బహుమతి, పదివేలు అని మెసేజ్. దాని వెనకాలే ఇంకోటి: గెలిచిన వ్యాసాలు పుస్తకం వేస్తాం, ఐఎస్‌బీఎన్‌కు (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు), మెమెంటోకు, కొరియర్‌కు కలిపి 2,200 పంపాల. అదీ పంపినాం. వచ్చింది ఒక పీడీఎఫ్ సర్టిఫికెట్. పేరు తప్పు, తారీఖు లేదు, సంతకం ఎక్కడిదో కత్తిరించి అతికించినారు, చుట్టూ బూడిదరంగు అంచు కనపడతానే ఉంది. చెల్లెలి క్లాసులోనే ఇంకో అమ్మాయికి కూడా మూడో బహుమతేనంట!

లెక్క పోయింది సరే. నా కడుపు మండేది ఫోన్లో ఆ పోటీ పెట్టినవాడన్న మాటకు. చెల్లెలు స్పీకర్ పెట్టి, “సార్, ప్రైజ్ డబ్బులు ఎప్పుడు వేస్తారు సార్?” అని ఎంతో మర్యాదగా అడిగింది. వాడు, “విలువల మీద రాసినావు కదమ్మా, డబ్బు కోసమేనా రాసింది? రాసిన నీతి నీకే లేదే” అని పెట్టేసినాడు. నేను పక్కనే ఉన్నా. అది రాసింది మా జేజినాయన గురించి. బుడ్డల (వేరుశనక్కాయల) కాటా కాడ ఒక్క గింజ తేడా రానీయని మనిషి ఆయన. మూడు రాత్రులు కూర్చొని చేత్తో రాసింది. అట్లాంటి పిల్లను పట్టుకొని నీతి లేదంటాడా? “అన్నా, నేను అడగడం తప్పా?” అంది. ముమ్మాటికీ కాదు. ఆ మాట అంటే పిల్లలు సిగ్గుపడి మళ్లీ అడగరని వాడికి బాగా తెలుసు.

బీటెక్‌లో యూనివర్సల్ హ్యూమన్ వాల్యూస్ అని సబ్జెక్టే ఉంది కాబట్టి పిల్లలు ఇది కాలేజీ తరఫు పోటీ అనుకుంటున్నారు. హెచ్‌ఓడీని ఒక మాట అడగండి. మన దేశంలో ఐఎస్‌బీఎన్ నంబరు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, దానికి ఫీజు అన్నారంటే అక్కడే ఆగిపోండి. నీతి, నిజాయితీ మీద రాయాలని ఉంటే ఏటా అక్టోబర్ 31, పటేల్ జయంతి వచ్చే వారంలో విజిలెన్స్ వారోత్సవాలకు బ్యాంకులు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు కాలేజీల్లో పోటీలు పెడతాయి, వాటికి రాయండి.

ఇప్పటికే కట్టినవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలు. యూపీఐ ట్రాన్సాక్షన్ నంబరు దగ్గర పెట్టుకోండి, చాట్ తుడిచేయొద్దు. నేను కంప్లైంట్ ఇచ్చినా. మీరూ ఇస్తే కేసుకు బలం వస్తుంది.