విశాఖలో మర్చంట్ బ్యాంకు వేసవి ఇంటర్న్‌షిప్: దరఖాస్తు పెట్టే ముందు

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు అనగానే మన విద్యార్థులకు ముంబయిలోని బాంద్రా కుర్లా కాంప్లెక్స్, లేదంటే హైదరాబాద్‌లోని గోల్డ్‌మన్ శాక్స్, జేపీ మోర్గాన్ కార్యాలయాలు గుర్తుకొస్తాయి. ఆ పనిని విశాఖపట్నంలోనే నేర్చుకోవచ్చునంటే నమ్మేవారు తక్కువ. ముంబయి కేంద్రంగా, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వద్ద నమోదై, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎస్ఎంఈల) పబ్లిక్ ఇష్యూలు, అంటే వాటి వాటాలను ప్రజలకు అమ్మే వ్యవహారాలు, నడిపే ఒక మర్చంట్ బ్యాంకుకు సిరిపురంలో చిన్న శాఖ ఉంది. ఎంబీఏ మొదటి సంవత్సరం పూర్తయ్యాక వేసవిలో నేను అక్కడ పనిచేశాను. మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు. పని నేర్చుకోవడానికి ఇది చాలా మంచి చోటని, ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో చేరదగిన చోటు మాత్రం కాదని నా అభిప్రాయం.

చేరేటప్పుడు అందరిలాగే నేనూ ఎక్సెల్ మోడళ్లు, కంపెనీల విలువ కట్టడం వంటివాటిని ఊహించుకున్నాను. తీరా అక్కడ నా సమయంలో అధిక భాగం ముసాయిదా ప్రాస్పెక్టస్ (వాటాలు కొనేవారి కోసం సంస్థ వివరాలన్నీ రాసే పత్రం)లోని ఒక్కొక్క వాక్యానికి ఆధారం వెతకడానికే సరిపోయింది. ఇష్యూకు వస్తున్న సంస్థకు ఇన్ని టన్నుల శీతల గిడ్డంగి ఉందని రాస్తే దానికి ఇంజనీరు ధ్రువపత్రం కావాలి. ఇన్ని దేశాలకు ఎగుమతి చేస్తున్నదని రాస్తే షిప్పింగ్ బిల్లులు కావాలి. ‘ప్రముఖ సంస్థ’ అని రాస్తే ఎవరి లెక్కలో ప్రముఖమో చూపించాలి, లేకుంటే ఆ మాట కొట్టేయాలి. మేనేజరు గారు ప్రతి పేజీ దగ్గరా “దీనికి కాగితం ఏదమ్మా?” అని అడిగేవారు. మొదట్లో చాదస్తమనిపించిన ఈ పద్ధతికి కారణం నిబంధనల్లోనే ఉంది. వివరాలన్నీ సరిచూశామని చెప్పే డ్యూ డిలిజెన్స్ ధ్రువపత్రం మీద సంతకం చేసేది మర్చంట్ బ్యాంకరే. పైగా ఎస్ఎంఈ ఇష్యూకు నూటికి నూరు శాతం అండర్‌రైటింగ్ (అమ్ముడుపోని వాటాలను కొంటామన్న హామీ) ఉండాలి, అందులో కనీసం 15 శాతం లీడ్ మేనేజరు, అంటే ఇష్యూ నడిపే మర్చంట్ బ్యాంకు, సొంత ఖాతాలోనే భరించాలి, లిస్టింగ్ తరువాత 3 ఏళ్లపాటు మార్కెట్ మేకింగ్ (వాటాలకు కొనుగోలు, అమ్మకం ధరలు నిరంతరం చూపడం) జరిగేలా చూడాలి. ఇష్యూ విఫలమైతే బ్యాంకు సొమ్ముకే ఎసరు వస్తుంది.

నాకు అప్పగించిన ఫైలు అచ్యుతాపురం వైపు ప్లాంటు ఉన్న ఒక రొయ్యల ఎగుమతి సంస్థది. ఈ ఇంటర్న్‌షిప్‌కు నేను ఎక్కువ మార్కులు వేయడానికి ఆ ఫైలే కారణం. ముంబయిలో కూర్చున్నవారు బ్యాలెన్స్ షీట్‌లో ‘నిల్వలు’ అన్న ఒకే అంకెను చూస్తారు. మమ్మల్ని గమ్‌బూట్లు, టోపీలు తొడిగించి, క్లోరిన్ నీళ్లలో నడిపించి, ఆ అంకె ఎక్కడ పుడుతుందో అక్కడికే తీసుకెళ్లారు. రొయ్యను పౌండుకు ఎన్ని తూగుతాయన్న కౌంటును బట్టి అమ్ముతారు కాబట్టి, ఒకే బరువున్న 26/30 కౌంటు సరుకుకూ 61/70 కౌంటు సరుకుకూ విలువలో పెద్ద తేడా ఉంటుంది. గడ్డకట్టించిన రొయ్య మీద మంచుపూత వేస్తారు; గిడ్డంగి పుస్తకంలో రాసిన బరువు ఆ పూతతో కలిపినదా, పూత తీసేసినదా అన్నది తేలకుండా నిల్వల విలువను నమ్మడానికి వీల్లేదు. కౌంటు వారీగా అట్టపెట్టెలు లెక్కించి పుస్తకాలతో సరిచూసే పనిలో ఆడిటరు మనుషుల పక్కన నిలబడి నేర్చుకున్నంత అకౌంటెన్సీ నాకు తరగతి గదిలో అబ్బలేదు.

వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడవడానికి కావాల్సిన డబ్బు) అంటే ఏమిటో కూడా అక్కడే బోధపడింది. రైతుకు కొద్ది రోజుల్లోనే డబ్బు ఇవ్వాలి, విదేశీ కొనుగోలుదారు రెండు మూడు నెలలకు గానీ చెల్లించడు, ఈ మధ్య కాలమంతా ఎగుమతి సరుకు సిద్ధం చేయడానికి బ్యాంకు ఇచ్చే ప్యాకింగ్ క్రెడిట్ అనే అప్పు మీదే నడవాలి; అందుకే లాభాలు చూపించే సంస్థ కూడా నగదు ప్రవాహ పట్టికలో లోటులో కనిపిస్తుంది. రిస్కుల అధ్యాయానికి సమాచారం కూర్చే పనీ నాకే వచ్చింది. తెల్లమచ్చల వ్యాధి, యాంటీబయాటిక్ అవశేషాల కారణంగా వెనక్కి వచ్చే సరుకు, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 50 శాతానికి పెంచిన సుంకం వంటివి పత్రికలో చదవడం వేరు, వాటిలో ఒక్కొక్కటి ఈ సంస్థ అమ్మకాల్లో ఎంత భాగాన్ని తాకుతుందో లెక్కగట్టడం వేరు.

విలువ కట్టే పని అందిన మేరకు బాగానే ఉంది. పోలిక కోసం విశాఖకే చెందిన కోస్టల్ కార్పొరేషన్‌నూ, కాకినాడకు చెందిన, 2017లో లిస్టయిన ఎపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్‌నూ తీసుకున్నాం. అవంతి ఫీడ్స్‌ను కూడా పట్టికలో చేర్చితే సగటు పీఈ నిష్పత్తి (వాటా ధర లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) ముచ్చటగా కనిపిస్తుందేమో గానీ, దాని ఆదాయంలో అధిక భాగం రొయ్యల మేతదే కాబట్టి ఎగుమతిదారుతో పోల్చడం సబబు కాదని మేనేజరు గారు తీసేయించారు. రొయ్యల సంస్థ ప్రమోటరుకు, అంటే యజమానికి, అది నచ్చలేదు. అయినా వెనక్కి తగ్గకపోవడం చూసి ఆ శాఖ మీద నాకు గౌరవం పెరిగింది. (అదే ప్రమోటరు, ముసాయిదాను స్టాక్ ఎక్స్ఛేంజీకి సమర్పించే ముందు దాని ప్రతిని ఆసిల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడిలో పూజ చేయించుకొచ్చారు. కొత్త కార్లు బారులు తీరే చోట ప్రాస్పెక్టస్‌ను చూసి పూజారి గారు ఏమీ ఆశ్చర్యపోలేదట.)

ఇక లోపాలు. ఇష్యూ ధర, పెట్టుబడిదారులతో సంభాషణలు అన్నీ ముంబయిలోనే జరుగుతాయి. ఇంటర్న్‌ను ఆ ఫోన్ కాల్స్‌లో వినడానికైనా కూర్చోనివ్వరు. సమర్పణ గడువు దగ్గరపడిన వారాల్లో సవరణలు సాయంత్రం 7 దాటాక మొదలయ్యేవి. 2013లో లండన్‌లో ఒక వేసవి ఇంటర్న్ మరణించిన తరువాత ఈ రంగంలో పనిగంటల మీద చర్చ రేగింది. 2015లో గోల్డ్‌మన్ శాక్స్ తన వేసవి ఇంటర్న్‌లు అర్ధరాత్రి నుంచి ఉదయం 7 వరకు కార్యాలయంలో ఉండకూడదని నియమం పెట్టింది. ఇక్కడ అంత ఘోరమైన పనివేళలు లేవు గానీ, రాతపూర్వకమైన నియమం కూడా ఏదీ లేదు. అడిగితే పంపిస్తారు, అడగకపోతే మనం ఉన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. రాత్రి పొద్దుపోయాక గాజువాక, పెందుర్తి వైపు వెళ్లాల్సినవారికి ఆటో ఖర్చు ఇవ్వకపోవడం, హాస్టల్ వేళలున్న అమ్మాయిల గురించి ముందుగా ఆలోచించకపోవడం నాకు క్షమించదగిన విషయాలుగా తోచలేదు. స్టైపెండ్ నామమాత్రం; పొరుగూరి నుంచి వచ్చి గది అద్దెకు తీసుకునేవారికి చేతి డబ్బు పడుతుంది. శాఖలో ఖాళీలే ఉండవు కాబట్టి ఇంటర్న్‌షిప్ ముగియగానే ఉద్యోగం ఇచ్చే ఆనవాయితీ లేదు.

దరఖాస్తు పెట్టదలచినవారు సంక్రాంతి సెలవులు కాగానే రెజ్యూమేతో నేరుగా శాఖకు వెళ్లడం మేలు, ఈమెయిళ్లకు జవాబు ఆలస్యంగా వస్తుంది. ఎంపికలో ఎక్సెల్ పరీక్ష తేలికైనదే. ముఖాముఖిలో మాత్రం ఏదో ఒక చిన్న కంపెనీ వార్షిక నివేదిక చేతికిచ్చి, నిర్వహణ లాభం ఎంతో లెక్కించమంటారు. ఎస్ఎంఈ ఇష్యూకు రావాలంటే గడిచిన 3 ఆర్థిక సంవత్సరాల్లో కనీసం రెండింటిలో ఆ లాభం 1 కోటి రూపాయలు ఉండాలన్న 2025 మార్చి నాటి సవరణ తెలిసినవారికి తరువాతి ప్రశ్న సులువవుతుంది. చేరే రోజునే పనివేళలు, రాత్రి ప్రయాణ ఖర్చుల సంగతి మాట్లాడి, ఆఫర్ లేఖలో రాయించుకోండి.